కొసరి అడగాలి

ఏభై దాటిన ఆడవాళ్ళ దగ్గర ఒక చిన్న ఫిర్యాదు అప్పుడప్పుడూ వినిపిస్తుంది. "ఈమధ్య టైలరు లంగాలు పొడుగు కుట్టేస్తున్నాడు, చీర కింద నుంచి కనబడుతున్నాయి" అని. టైలరు మారలేదు. ఇచ్చిన ఆది కూడా పాతదే. అయినా అంచు నేలను రాసుకుంటోంది. నడుం దగ్గర ఒక మడత పెట్టి పైకి కట్టుకుంటారు. అంతటితో ఆ సంగతి మరిచిపోతారు.

ఆ ఇంట్లోనే వంటింటి పై అరలో ఉండే ఆవకాయ జాడీ ఎప్పుడో కింది అరలోకి దిగి ఉంటుంది. కూతురి పెళ్ళి ఫొటోలో కూతురి చెవి దాకా వచ్చిన అమ్మ, మనవడి బారసాల ఫొటోలో చెవి కిందికే వస్తుంది. ఎవరైనా ఆ మాట అంటే, "మీరంతా పెరుగుతున్నారు, నేను తరుగుతున్నాను" అని నవ్వేస్తుంది.

ఆ మాటలో కొంత నిజముంది. వయసు మీదపడితే ఎవరైనా కాస్త కుంగుతారు, మగవాళ్ళయినా సరే. వెన్నుపూసల మధ్య డిస్కులు పల్చబడతాయి. కానీ ఒకటిన్నర అంగుళానికి మించి ఎత్తు తగ్గితే వైద్యులకు మరో అనుమానం వస్తుంది. వెన్నులో ఏదో ఒక పూస ఎప్పుడో చడీచప్పుడు లేకుండా నలిగి ఉంటుందని. ఇలా వెన్నుపూసలు విరిగిన సందర్భాల్లో మూడింట రెండు వంతులు ఆ సమయానికి ఎవరి దృష్టికీ రావట.

ఎముక విరగడమంటే మేడమెట్ల మీద నుంచి పడటమో, బండి గుద్దడమో అనుకుంటాం. కానీ నీళ్ళ బిందె ఎత్తుతున్నప్పుడో, గ్యాసు బండ జరుపుతున్నప్పుడో, మారాం చేసే మనవణ్ణి చంకనేసుకున్నప్పుడో నడుం కలుక్కుమంటుంది. "నడుం పట్టేసింది" అంటారు. ఇంత బామ్ రాసి, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుని, నాలుగు రోజులకు మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడతారు. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

మోకాళ్ళ సంగతి వేరు. అవి మెట్టు మెట్టుకీ మాట్లాడతాయి. "కీళ్ళు అరిగిపోయాయి" అంటే ఇంటిల్లిపాదీ వింటారు. నూనె తెస్తారు, బెల్టు కొంటారు, పెళ్ళిలో కుర్చీ వేస్తారు. కీళ్ళ అరుగుదల, ఎముకలు గుల్లబారడం రెండూ ఒకటేననుకునే వాళ్ళు చాలామంది. కానీ ఎముక గుల్లబారుతున్నప్పుడు నొప్పే ఉండదు. విరిగిన రోజున మాత్రమే అది నోరు విప్పుతుంది.

ఎముకను మనం ఎండిన వస్తువుగా చూడటానికి అలవాటు పడ్డాం. నిజానికి అది బతికున్న పదార్థం. ఒకచోట పాత ఎముకను కరిగించే కణాలు పనిచేస్తుంటే, వెనకాలే కొత్త ఎముకను కట్టే కణాలు వస్తుంటాయి. ఏడాదికి దాదాపు 10 శాతం ఇలా మారిపోతుంది. పదేళ్ళు తిరిగేసరికి ఇంచుమించు అస్థిపంజరం మొత్తం కొత్తదైపోతుంది. ముప్ఫై ఏళ్ళ దాకా కట్టుబడిదే పైచెయ్యి. ఆ తర్వాత కొన్నేళ్ళు కట్టడమూ, కరగడమూ సరిసమానంగా సాగుతాయి.

కరిగించే కణాలు హద్దు దాటకుండా చూసేది ఈస్ట్రోజన్. నెలసరి ఆగిపోయే రోజుల్లో ఆ హార్మోను తగ్గిపోతుంది. కరగడం వేగం అందుకుంటుంది, కట్టడం వెనకబడుతుంది. ఈ వేగం చివరి నెలసరికి ఏడాది ముందే మొదలై, ఆ తర్వాత రెండు మూడేళ్ళ దాకా ఎక్కువగా ఉంటుంది. ఆపైన నెమ్మదిస్తుంది గానీ ఆగదు. ముట్లుడిగిన అయిదు నుంచి ఏడేళ్ళలో కొందరు తమ ఎముకలో అయిదో వంతు దాకా పోగొట్టుకుంటారు. మగవాళ్ళ ఎముకలూ పల్చబడతాయి కానీ వాళ్ళ దారిలో ఇంత నిట్టనిలువు పల్లం ఉండదు.

అమ్మమ్మలు ఎన్ని తరాలుగా వంగి నడుస్తున్నారో చెప్పలేం. పెద్దతనం అనుకున్నారు అందరూ. అమెరికాలో, బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఫుల్లర్ ఆల్బ్రైట్ అనే వైద్యుడు తన దగ్గరికి వచ్చే నలిగిన వెన్నుల వారిని వరసగా గమనించాడు. వాళ్ళలో చాలామంది నెలసరి ఆగిపోయిన స్త్రీలే. 1941లో ఆయనా, సహచరులూ ఆ రెండిటికీ ఉన్న ముడిని విప్పి రాశారు. ఆలోచిస్తే ఇది మరీ పాత ముచ్చటేమీ కాదు. మన అమ్మమ్మల కాలంలోదే.

మన దేశంలో ఆడవాళ్ళకు సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో 51 దాకా ఉంటుంది. ఆ నాలుగైదేళ్ళు వినడానికి చిన్నవే కానీ ఎముకకు చిన్నవి కావు.

అసలు ఈ కథ అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే మొదలవుతుంది. మన ఊళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషైతే చాప వేసి కూర్చోబెట్టి, పేరంటాళ్ళను పిలిచి, చిమ్మిలి చేసి పెడతారు. నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచిన ఉండలు. నువ్వుల్లో సున్నం ఎంతుందో దంచిన వాళ్ళకు తెలియకపోవచ్చు. పొట్టుతో ఉన్న నువ్వులు వంద గ్రాములు తీసుకుంటే 1,200 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఎదిగే ఎముకకు ఏది కావాలో దాన్నే ఆ పిల్ల చేతిలో పెట్టారు. "తినవే, నడుం గట్టిపడుతుంది" అని మరీ పెట్టారు.

ఆ పిల్లే బాలింత అయినప్పుడు కాయం తినిపించారు, పథ్యం పెట్టారు, నడుముకి బట్ట కట్టారు. మంచో చెడో, ఆ రెండు మలుపుల దగ్గరా ఇంటి పెద్దవాళ్ళ చూపు ఆమె మీద ఉంది.

మూడో మలుపు దగ్గరే ఎవరూ ఉండరు. మొదటిసారి వచ్చిన తిథీ వారమూ పంచాంగం చూసి మరీ రాసిపెట్టుకున్న ఇంట్లో చివరిసారి ఎప్పుడో ఆమెకే గుర్తుండదు. గుర్తుండటానికి వీల్లేదు కూడా. పన్నెండు నెలలు రాకుండా గడిచాకే అది చివరిదని తేలుతుంది. ఈలోగా ఒకటి తప్పుతుంది, మరొకటి ముంచుకొస్తుంది, ఇంకోటి మూడు నెలలకు పలకరిస్తుంది.

ఆ రోజుల్లో అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతాయి. మాఘమాసపు చలిలో లేచి ఫ్యాను వేసుకుంటుంది. పక్కవాళ్ళు దుప్పటి ముసుగేసుకుని విసుక్కుంటారు. పగలు ఎందుకో తెలియకుండానే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. "అమ్మకీమధ్య కోపం ఎక్కువైంది" అని పిల్లలు గుసగుసలాడతారు. తీరా అంతా ఆగిపోయాక, "పోనీలే, పీడా వదిలింది, ఇక తిరపతికైనా కాశీకైనా మాత్ర వేసుకోకుండా వెళ్ళొచ్చు" అని ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊరట ఆమెకు దక్కాల్సిందే. ముప్ఫై ఏళ్ళకు పైగా మోసిన లెక్క అది.

మన రెండు రాష్ట్రాల్లో ఈ మలుపు చాలామందికి ముందే వచ్చేస్తోంది. "గర్భసంచి తీయించేసుకున్నా" అనే మాట పొలం గట్ల మీద ఎంత మామూలుగా వినబడుతుందో! 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. ఒక్కొక్కరి వెనక ఒక్కో కారణం. ఆగని రక్తస్రావం కావచ్చు, క్యాన్సరు వస్తుందేమోనన్న భయం కావచ్చు, కూలి పోతుందన్న బెంగ కావచ్చు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ మెల్లగా తగ్గే వ్యవధే ఉండదు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి ఒక్క పూటలో ఏభైల్లోకి అడుగుపెడుతుంది. కుట్లు ఆరగానే మళ్ళీ నాట్లలోకి దిగుతుంది. ఆనక ఎప్పుడో నడుం వంగుతున్నప్పుడు, ఆ ఆపరేషన్‌కీ ఈ వంపుకీ ఏదైనా సంబంధం ఉందేమోనన్న ఆలోచన ఆమెకు రాదు. వచ్చేలా చెప్పిన వాళ్ళూ తక్కువే.

ఈ నడుం నొప్పిని శ్రద్ధగా విన్నవాళ్ళు మన హైదరాబాద్‌లో ఉన్నారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు 1990లోనే ఆడవాళ్ళ నడుం నొప్పి గురించి ఒక వ్యాసం రాశారు. 2005లో వాళ్ళు ప్రచురించిన మరో అధ్యయనం హైదరాబాద్‌లోని పేద కుటుంబాల స్త్రీల ఎముకల గురించి. 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు వాళ్ళు. వాళ్ళ రోజువారీ తిండిలో కాల్షియం 270 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు మన పోషకాహార నిపుణులు ఆడవాళ్ళకు చెబుతున్న లెక్క రోజుకు 1,000 మిల్లీగ్రాములు. ముట్లుడిగాక 1,200.

ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క శాతం రక్తంలోనూ కండల్లోనూ తిరుగుతూ గుండెను కొట్టిస్తుంది, చేతుల్ని ఆడిస్తుంది. రక్తంలో దాని మోతాదు తగ్గడానికి వీల్లేదు. తిండిలో రాకపోతే ఎముకలో నుంచి తీసుకోవాల్సిందే. నెలాఖరున ఫీజు కట్టాల్సి వస్తే పోపులపెట్టెలో దాచిన నోటు ఎవరికీ చెప్పకుండా తీసినట్టే. బిడ్డ కడుపులో ఉండగా దాదాపు 30 గ్రాముల కాల్షియం తల్లి నుంచి తీసుకుంటుంది. పాలిచ్చే రోజుల్లో ఇంకొంత. ఎముకలో నూటికి మూడు నుంచి అయిదు పాళ్ళు అప్పుడు తగ్గినా, పాలు మానిపించాక చాలామందిలో అది మళ్ళీ పూడుకుంటుంది. నెలసరి ఆగాక తీసింది మాత్రం మునుపటిలా పూడదు.

అన్నీ తెలిసీ మనమేం చేశాం అని అడిగితే జవాబు కొంచెం కష్టమే. పాలు కాగితే మీగడ పిల్లలకు, గడ్డపెరుగు మగవాళ్ళకు. చివర్లో ఆమె కంచంలోకి గిన్నె అడుగున మిగిలిన మజ్జిగ. ఎవరూ శాసించి చేసిన పంపకం కాదిది. ప్రేమగానే జరిగింది, ఆమె చేతుల మీదుగానే జరిగింది. అందుకే ఎవరి కంటా పడలేదు.

మన వంటింట్లో దినుసులకు కొదవ లేదు. రాయలసీమ సంకటి ముద్దలో రాగులున్నాయి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా కాల్షియం. ఆషాఢంలో తప్పకుండా తినాలనే మునగాకు ఉంది. కోస్తాలో ముల్లుతో సహా నమిలేసే నెత్తళ్ళున్నాయి. పొయ్యి మీద అంబలి కుండ ఉన్న రోజుల్లో ఇవేవీ మందులని ఎవరూ అనుకోలేదు. తెల్లన్నం వచ్చాక రాగిని బీదతిండిగా పక్కన పెట్టాం. ఇప్పుడు అదే రాగి రంగుల పొట్లంలో సూపర్‌మార్కెట్ నుంచి తిరిగొస్తుంటే కాస్త సిగ్గుతో కూడిన సంతోషం కలుగుతుంది.

ఎండకు మాత్రం మనకేం కరువు అనుకుంటాం. తిరుపతిలో వేసవి ఎలా ఉంటుందో వెళ్ళొచ్చిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళోనే స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు నెలసరి ఆగిన స్త్రీలను పరీక్షించి 2005లో ప్రచురించిన ఫలితాల్లో పదిమందిలో ఎనిమిది మందికి విటమిన్ డి చాలినంత లేదు. ఒకప్పుడు ఎండ కోసం ఎండలో కూర్చున్న వాళ్ళు లేరు. వడియాలు పెట్టాలి, మిరపకాయలు ఆరబోయాలి, కాకులు తోలాలి. ఎండ ఆ పనితోపాటు వచ్చేది. ఇప్పుడు అపార్టుమెంట్ డాబా తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

రోలూ రోకలీ తిరగలీ పోయాయని బాధపడేంత అమాయకత్వం అక్కర్లేదు. ఆ బరువులు మోసిన చేతులకే వాటి నొప్పి తెలుసు. కానీ ఎముకకు ఒక స్వభావం ఉంది. బరువు పడితేనే అది గట్టిగా ఉంటుంది. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా పల్చబడుతుంది. సాయంత్రాలు కాలనీ పార్కుల్లో చీర కింద కాన్వాసు బూట్లు వేసుకుని, చెంగు నడుముకి దోపుకుని నడిచే పెద్దావిడలను చూస్తే అందుకే ముచ్చటేస్తుంది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ తిరిగే ఏభై ఏళ్ళ ఆడపడుచులను చూసినా అంతే. ఆ తొమ్మిది రోజులూ ఏడాది పొడుగునా ఉంటే బాగుండుననిపిస్తుంది.

అయినా ఒక్కోసారి కాలు జారుతుంది. తడి బాత్‌రూములో, తెల్లారగట్ల ముగ్గేస్తున్నప్పుడు, కూతురి పురుడుకని వెళ్ళిన అమెరికాలో మంచు మెట్ల మీద. పడేటప్పుడు చెయ్యి ముందుకెళ్ళి ఆనుకుంటుంది. మణికట్టు విరుగుతుంది. ఏభైల్లో చాలామంది ఆడవాళ్ళకు ఎముక పంపే మొదటి కబురు అదే. పుత్తూరు వెళ్ళి కట్టు వేయించుకుంటారు, లేదా ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేయించుకుంటారు. ఆరు వారాలకు అతుక్కుంటుంది. అందరూ నేల తడి గురించి మాట్లాడుకుంటారు. ఇంత చిన్న పాటుకే ఎందుకు విరిగిందన్న ప్రశ్న ఎవరికీ తట్టదు.

తట్టిన వాళ్ళకు పరీక్ష ఏమంత కష్టమైంది కాదు. బల్ల మీద పడుకుంటే పది పదిహేను నిమిషాల్లో డెక్సా స్కాన్ అయిపోతుంది. చీటీ మీద మైనస్ అంకెలు కనబడతాయి. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత ప్రకారం మైనస్ 2.5, అంతకన్నా కింద ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. "ఈ వయసులో నాకు మైనస్ మార్కులేమిట్రా" అని నవ్వుకునే అమ్మలున్నారు. వైద్యులు రాసిచ్చే మందుల్లో ఒకటి వారానికి ఒక్క మాత్ర. పరగడుపున మంచినీళ్ళతో మింగి, అరగంట పాటు పడుకోకూడదు, ఏమీ తినకూడదు. పూజ ముగించుకుని కాఫీ కలుపుకునే వేళకు ఆ అరగంట ఎలాగూ గడిచిపోతుంది.

1990ల మొదట్లో హైదరాబాద్ స్త్రీలు కలిసి తమ ఒంటి గురించి తామే మాట్లాడుకుని 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకం తెచ్చారు. అంతకుముందు అలాంటి మాటలు నూతి దగ్గరో, పెరట్లోనో గొంతు తగ్గించి అనుకోవాల్సినవి. ఇప్పుడు కూతుళ్ళు ఫోన్లో అమ్మలతో కాస్త ధైర్యంగానే మాట్లాడుతున్నారు. కొడుకులు ఇంకా మొహమాటపడుతున్నారు. భర్తలు, పాపం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వార్తాపత్రిక విప్పుకుంటున్నారు.

అడిగినా ఏం చెబుతుందిలే అనే అనుమానం ఒకటుంది. నిజమే. "నీ ఒంట్లో ఎలా ఉంది?" అంటే మొదటి జవాబు ఎప్పుడూ ఒకటే: "నాకేం, బాగానే ఉన్నా. నీ సంగతి చెప్పు." అక్కడితో మాట మళ్ళిపోతుంది.

అయితే, చాలు అన్న మాటను మొదటిసారే నమ్మే అలవాటు మనకు లేదు. అతిథి చెయ్యి అడ్డం పెట్టినా "ఇంకొంచెం, ఈ ఒక్కటీ" అని కొసరి కొసరి వడ్డిస్తాం. ఆ మర్యాద మనకు నేర్పింది వడ్డించే ఆమే. ఎవరి ఆకలినీ మొదటి జవాబుతో వదిలిపెట్టని మనిషి ఆమె. ఏటా అక్టోబర్ 18న నెలసరి విరమణకు, 20న ఎముకల ఆరోగ్యానికి ప్రపంచం ఒక్కో రోజు కేటాయించింది. ఆ రోజులదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఇవాళ భోజనాలయ్యాక ఆమెను అడగొచ్చు. "బాగానే ఉన్నా" అంటుంది. మళ్ళీ అడగాలి.